స్ట్రాడివారి బతుకు, పనితనం: తరచుగా అడిగే ప్రశ్నలు

వయొలిన్లు బాగుచేసే బల్ల ముందు కూర్చున్నవాడిని జనం అడిగే ప్రశ్నలలో సగం తీగల గురించీ కమాను గురించీ అయితే, మిగతా సగం దాదాపు 300 ఏళ్ల కిందట ఇటలీలో కన్నుమూసిన ఒక పనివాడి గురించి ఉంటాయి. ఆయన పేరు ఆంటోనియో స్ట్రాడివారి. వచ్చినవారందరికీ అవే జవాబులు చెప్పీ చెప్పీ, చివరకు వాటిని ఒకచోట రాసి పెట్టాను. ఏ ప్రశ్నకు జవాబు ఆ ప్రశ్న కిందే పూర్తిగా ఉంటుంది కనుక, మీకు కావలసిన చోటి నుంచి చదువుకోవచ్చు.

## పుట్టుక, పని నేర్చుకున్న రోజులు

స్ట్రాడివారి, స్ట్రాడివేరియస్ అని రెండు పేర్లు వింటుంటాం. ఇద్దరూ వేరువేరు మనుషులా?

ఒక్కరే. ఇంటిపేరు స్ట్రాడివారి. ఆ కాలపు పనివాళ్లు వాయిద్యం లోపల అంటించే చీటీని లాటిన్‌లో రాసేవారు కనుక, చీటీ మీద పేరు ఆంటోనియస్ స్ట్రాడివేరియస్ అయింది. వాడుకలో మనిషిని స్ట్రాడివారి అనీ, ఆయన చేసిన వాయిద్యాన్ని స్ట్రాడివేరియస్ అనీ అంటున్నారు. సంగీతకారులు ముద్దుగా స్ట్రాడ్ అంటారు.

ఆయన ఎప్పుడు పుట్టారు? ఒక్కో చోట ఒక్కో సంవత్సరం రాస్తున్నారేమిటి?

ఆయన బాప్తిస్మపు నమోదు ఇంతవరకు ఏ చర్చి పుస్తకంలోనూ దొరకలేదు. మనకు ఉన్న ఆధారం ఆయన చివరి రోజుల చీటీలే. తొంభై దాటాక కూడా చేయి ఆగలేదన్న గర్వంతో కాబోలు, కొన్ని చీటీల మీద తన వయసును స్వయంగా రాసుకున్నారు. 1736 నాటి చీటీలో 92 ఏళ్లు అని ఉన్నందున, వెనక్కు లెక్కిస్తే పుట్టిన సంవత్సరం 1644 అవుతుంది. అయితే తొంభై ఏళ్ల వృద్ధుడు తన వయసును కచ్చితంగానే చెప్పాడని పూచీ ఏముంది? మన తాతల వయసులు ఏ తుపాను ఏడాదితోనో, ఏ కరువు ఏడాదితోనో ముడిపడి రెండు మూడేళ్లు అటూ ఇటూ జరిగిపోవడం మనకు తెలియనిది కాదు. అందుకే జాగ్రత్తగా రాసేవారు 1644 నుంచి 1649 మధ్య అంటారు. చనిపోయిన తేదీ మాత్రం స్పష్టం: 1737 డిసెంబరు 18.

క్రెమోనా అంత చిన్న ఊరు కదా, అక్కడే వయొలిన్ ఎందుకు పుట్టింది?

క్రెమోనా ఉత్తర ఇటలీలోని లొంబార్డీ ప్రాంతంలో, పో నది ఒడ్డున ఉంది. స్ట్రాడివారి పుట్టడానికి వందేళ్ల ముందే ఆండ్రియా అమాతి అనే పనివాడు ఇక్కడ వయొలిన్‌కు ఇప్పుడు మనం చూస్తున్న రూపాన్ని ఇచ్చాడు. ఆయన కొడుకులు, మనవడు నికోలో అమాతి ఆ పనిని కొనసాగించారు. నది దాపున ఉండటం వల్ల వెనిస్ నుంచి సరుకు రావడం సులువు. సంపన్నమైన చర్చిలు, సంగీతం పోషించే దొరల కొలువులు చుట్టుపక్కల ఉన్నాయి.

అయితే పని ఒక కుటుంబం గడప దాటి ఊరంతటికీ పాకడానికి కారణం ఒక విషాదం. 1630లో మహమ్మారి లొంబార్డీని తుడిచిపెట్టింది. నికోలో తండ్రి అందులోనే పోయాడు. ఊళ్లో ఈ విద్య క్షుణ్ణంగా తెలిసినవాడు నికోలో ఒక్కడే మిగిలాడు. అంతకుముందు తండ్రి నుంచి కొడుక్కు మాత్రమే అందిన విద్యను, చేతులు చాలక, ఆయన బయటి కుర్రాళ్లకు నేర్పవలసి వచ్చింది. ఆండ్రియా గువార్నేరి అలా వచ్చినవాడే.

స్ట్రాడివారి నిజంగా నికోలో అమాతి శిష్యుడేనా?

1666 నాటి ఒక వయొలిన్ చీటీ మీద “నికోలో అమాతి శిష్యుడు” అన్న అర్థం వచ్చే లాటిన్ మాట ఉంది. శిష్యరికానికి ముఖ్యమైన ఆధారం అదే. మరోవైపు, అమాతి ఇంట్లో ఉండి పని నేర్చుకున్నవారి పేర్లు చర్చి వారి ఇంటింటి లెక్కల్లో ఉన్నాయి కానీ, వాటిలో స్ట్రాడివారి పేరు లేదు. తొలినాళ్ల వాయిద్యాల మీద ఆయన చేసిన నగిషీ పని చూసి, ముందుగా వడ్రంగమో చెక్కుడు పనో నేర్చుకుని తరువాత వయొలిన్ల వైపు వచ్చి ఉండవచ్చని కొందరు ఊహించారు. నా మటుకు నాకు, ఆయన తొలి వయొలిన్ల వంపుల్లో అమాతి చేయి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఒకే ఇంట్లో పడుకున్నాడా, రోజూ నడిచి వచ్చాడా అన్నది రెండో విషయం.

## ఇల్లు, పనిశాల

ఆయన కుటుంబం గురించి తెలిసిందేమిటి?

1667 జులైలో ఆయన ఫ్రాంచెస్కా ఫెరబోస్కి అనే వితంతువును పెళ్లాడారు. ఆమె మొదటి భర్తను 1664లో ఆమె సొంత అన్నదమ్ముడే తుపాకీతో కాల్చి చంపాడు. ఈ దంపతులకు ఆరుగురు పిల్లలు, ఒకరు పసికందుగానే పోయారు. 1698లో ఫ్రాంచెస్కా చనిపోయినప్పుడు ఆయన ఘనంగా అంత్యక్రియలు జరిపించారు, ఆ ఖర్చుల చిట్టా నేటికీ ఉంది. మరుసటి ఏడాది ఆంటోనియా మరియా జాంబెల్లిని పెళ్లాడి, మరో ఐదుగురు పిల్లలకు తండ్రి అయ్యారు.

మొత్తం పదకొండు మందిలో పనిశాలలో జీవితాంతం నిలిచినవారు పెద్ద భార్య కొడుకులు ఫ్రాంచెస్కో, ఒమొబోనో. 1729లో రాసిన వీలునామాలో ఆయన పనిముట్లను, పనిశాలను ఫ్రాంచెస్కోకు రాశారు. ఒమొబోనో వయసులో ఉండగా నేపుల్స్ వెళ్లి ఉన్నప్పుడు తనకు అయిన 2000 లీరాల ఖర్చును ముప్పై ఏళ్ల తరువాత కూడా మరవకుండా అందులో ఎత్తి చూపారు. ఆ కాగితం చదివితే, మహాశిల్పి కంటే ముందు పైసా పైసా లెక్క చూసే ఇంటిపెద్ద కనబడతాడు.

ఆయన ఎక్కడ కూర్చుని పనిచేసేవారు?

పెళ్లయిన కొత్తలో అద్దె ఇంట్లో ఉన్నారు. అది నేటి గారిబాల్డి వీధిలో ఇప్పటికీ నిలిచి ఉంది. 1680లో సాన్ డొమెనికో చర్చి ఎదురుగా మూడంతస్తుల సొంత ఇల్లు కొని, చనిపోయేవరకు దాదాపు 57 ఏళ్లు అందులోనే ఉన్నారు. కింద దుకాణం, పైన కాపురం, అన్నిటికంటే పైన గాలి వెలుతురు ధారాళంగా వచ్చే అటక. క్రెమోనా మాండలికంలో దాన్ని సెక్కదోర్ అంటారు, ఆరబెట్టే చోటు అని అర్థం. బట్టలు, పళ్లు ఆరబెట్టుకునే ఆ చోటే వార్నిష్ పూసిన వయొలిన్లు వేలాడదీయడానికి కూడా పనికి వచ్చింది.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. ఇరవయ్యో శతాబ్దంలో ఆ వీధిని కొత్తగా కట్టే క్రమంలో పడగొట్టారు.

ఆయన పేదరికంలో చనిపోయారని విన్నాను. నిజమేనా?

అబద్ధం. కళాకారుడంటే పేదవాడే అయి ఉండాలన్న మన అలవాటు వల్ల పుట్టిన మాట అది. క్రెమోనాలో “స్ట్రాడివారి అంత ధనవంతుడు” అనే నానుడి ఉండేది. 1690లో ఫ్లోరెన్సు మెడిచి ప్రభువు కుటుంబం కోసం ఒక వాయిద్యాల సమూహాన్ని చేశారు. 1715లో పోలెండు రాజు కొలువు సంగీతాధికారి వొలుమియే క్రెమోనాకు స్వయంగా వచ్చి, పన్నెండు వయొలిన్లు అందుకుని వెళ్లాడు.

అలాగని చిన్న పనిని ఆయన చిన్నచూపు చూడలేదు. 1708 ఆగస్టులో ఒక పెద్దమనిషికి రాసిన ఉత్తరం దొరికింది. మరమ్మతుకు వచ్చిన వయొలిన్‌కు పెద్ద పగుళ్లు ఉన్నాయనీ, ఎండకు అవి మళ్లీ విచ్చుకోకుండా వార్నిష్ పట్టించడంలో ఆలస్యమైందనీ క్షమాపణ చెప్పుకుని, కూలి కింద ఒక ఫిలిప్పో నాణెం పంపమని అడిగారు. పని విలువ అంతకంటే ఎక్కువేననీ, మీకు సేవ చేసిన సంతోషంతో సరిపెట్టుకుంటాననీ చేర్చారు. ఆలస్యానికి సాకు, కూలి దగ్గర చిన్న దెప్పు! ఆ ఉత్తరం నాకు ఎంతో ఆత్మీయంగా అనిపించడానికి కారణం వేరే చెప్పనక్కరలేదు.

మొత్తం ఎన్ని వయొలిన్లు చేశారు? ఒక్క మనిషికి సాధ్యమేనా?

1100కు పైగా వాయిద్యాలు చేసి ఉంటారని అంచనా. వాటిలో దాదాపు 650 మిగిలాయి. ఎక్కువభాగం వయొలిన్లే, తరువాత అరవై దాకా చెల్లోలు (కూర్చుని మోకాళ్ల నడుమ నిలిపి వాయించే పెద్ద వాయిద్యం), పదీ పన్నెండు వయోలాలు (వయొలిన్ కంటే కాస్త పెద్దవి). గిటార్లు, మాండలిన్లు, ఒక హార్ప్ కూడా చేశారు. 1666 నుంచి 1737 వరకు 71 ఏళ్లకు పంచితే ఏడాదికి పదిహేను పదహారు వస్తాయి. ఇది ఒక్క చేతి పని కాదు. కొడుకులు గరుకు పని చేసిపెడితే తండ్రి తుది రూపు ఇచ్చేవారని అనుకోవాలి. ముసలితనంలో చేసిన కొన్ని వాయిద్యాల్లో చెవి రంధ్రాలు (పై పలక మీద f అక్షరం ఆకారంలో కోసినవి) కాస్త వంకరగా, చెక్కుడు కాస్త వణుకుతో కనబడతాయి. స్వరంలో మాత్రం ఆ వణుకు వినబడదు.

## కొయ్య నుంచి వయొలిన్ దాకా

ఏ కొయ్య వాడారు? మన పనస, టేకు పనికి రావా?

పై పలకకు స్ప్రూస్, కింది పలకకు, పక్క పట్టీలకు, మెడకు మేపుల్. స్ప్రూస్ తేలికైనది, పొడవునా గట్టిది, అడ్డంగా మెత్తనిది. తీగ కదలికను గాలికి అందించడానికి ఆ గుణమే కావాలి. ఈ కొయ్య ఆల్ప్స్ పర్వతాల్లోని ఫియెమ్మె లోయ నుంచి వచ్చేదని చెబుతారు. అక్కడి పనెవెజ్జో అడవిలో వాయిద్యాలకు పనికొచ్చే స్ప్రూస్‌ను నేటికీ ఏరి కొడుతున్నారు. అందమైన చారలున్న మేపుల్‌లో చాలావరకు ఆడ్రియాటిక్ సముద్రం అవతలి బాల్కన్ ప్రాంతం నుంచి వెనిస్ మీదుగా చేరింది.

మన బొబ్బిలి వీణకు పనస ఎంత తగినదో, వయొలిన్‌కు అది అంత తగనిది. ఏకాండి వీణను ఒకే దుంగలో తొలుస్తారు, దాని గోడలు మందంగా ఉంటాయి, మీటిన స్వరం నిలబడాలి. వయొలిన్ డెబ్బై పైచిలుకు ముక్కల అతుకు. మొత్తం బరువు అరకిలో లోపే. కమాను లాగుతున్నంతసేపూ శక్తి అందుతూనే ఉంటుంది కనుక, దానికి కావలసింది బరువు కాదు, చురుకు.

తయారీ ఎక్కడ మొదలవుతుంది? ముందు పలక చెక్కుతారా?

లేదు, ముందు అచ్చు. క్రెమోనా పద్ధతిలో ఇదే ప్రాణం. అక్రోటు చెక్కతో వయొలిన్ ఆకారంలో కోసిన అచ్చును లోపల పెట్టి, దాని నాలుగు మూలల్లో, పైనా కిందా కలిపి ఆరు చోట్ల చిన్న దిమ్మెలు తాత్కాలికంగా అంటిస్తారు. దాదాపు ఒక మిల్లీమీటరు మందం ఉన్న మేపుల్ పట్టీలను తడిపి, వేడి ఇనుము మీద మెల్లగా వంచి, ఆ దిమ్మెలకు అతికిస్తారు. పట్టీల అంచులకు లోపలి వైపు సన్నని బద్దెలు. దిమ్మెలకు, బద్దెలకు స్ట్రాడివారి విల్లో కొయ్య వాడారు. చట్రం గట్టిపడ్డాక దాని చుట్టూ గీత గీసి పలకల ఆకారం తీసుకుంటారు. అచ్చును చివరకు బయటికి లాగేస్తారు.

దీనివల్ల ఒక చమత్కారం జరుగుతుంది. అచ్చు ఒకటే అయినా పట్టీ ప్రతిసారీ ఒక వెంట్రుకవాసి తేడాగా వంగుతుంది కనుక, ఏ రెండు వయొలిన్లూ అచ్చు గుద్దినట్టు ఉండవు. ఆయన వాడిన అచ్చులు, చెవి రంధ్రాల కాగితపు నమూనాలు, పనిముట్లు క్రెమోనాలోని వయొలిన్ మ్యూజియంలో ఉన్నాయి. అచ్చుల మీద ఆయన రాసుకున్న గుర్తుల అక్షరాలు ఇంకా కనబడతాయి.

పలక మందం ఎంత ఉండాలి? ఎలా కొలిచేవారు?

పై పలక సుమారు రెండున్నర నుంచి మూడు మిల్లీమీటర్లు. కింది పలక నడుమ నాలుగున్నర దాకా ఉండి, అంచులకు పోయేకొద్దీ రెండున్నరకు తగ్గుతుంది. ముందు ఉలితో గుంట తీస్తారు, తరువాత బొటనవేలంత చిన్న చిత్రికలతో సరిచేస్తారు, చివరన పలుచని ఉక్కు రేకుతో గీకుతారు. ఉప్పు కాగితం ఆ కాలంలో లేదు, ఉన్నా వాడకూడదని నా అభిప్రాయం. రేకు కొయ్య పొరను తెగ్గోస్తుంది. ఉప్పు కాగితం దాన్ని నలిపి, గీతల్లో దుమ్ము కూరుతుంది.

కొలతకు సాధనాలు ఉన్నా, అసలు కొలత చేతిలోనే ఉంటుంది. పలకను రెండు చేతులతో పట్టి నెమ్మదిగా మెలితిప్పితే, ఎక్కడ బిగువుందో ఎక్కడ సడలిందో బొటనవేళ్లకు తెలుస్తుంది. తట్టి వింటే పలికే స్వరం కూడా గీకే కొద్దీ దిగుతుంది. ఒక్క గీకుడు ఎక్కువైతే మళ్లీ అతికించలేం. ఆ భయమే ఈ విద్యలో మొదటి గురువు.

అంచు చుట్టూ నల్ల గీత ఉంటుంది కదా, అది పెయింటేనా?

మంచి వయొలిన్‌లో అది పెయింటు కాదు. రెండు నల్లని, నడుమ ఒక తెల్లని సన్న బద్దెలను కలిపి, అంచు వెంట తవ్విన కాలువలో పొదుగుతారు. అందం కోసమే అనిపిస్తుంది గానీ, అంచుకు దెబ్బ తగిలి పగిలినప్పుడు ఆ పగులు లోపలి పలకలోకి పాకకుండా ఆపేది అదే. స్ట్రాడివారి పొదిగిన బద్దె మూల దగ్గరకు వచ్చేసరికి సూటిగా ఆగదు. తేనెటీగ ముల్లులా సన్నగా సాగి, ఒక పక్కకు ఒరుగుతుంది. ఆ ముల్లును అనుకరించడానికి ప్రయత్నించిన వారికే అది ఎంత కష్టమో తెలుస్తుంది.

వార్నిష్ రహస్యం ఏమిటి?

రహస్యం ఉందన్న నమ్మకం మీద వందేళ్లుగా బోలెడు సిరా ఖర్చయింది. ప్యారిస్ సంగీత మ్యూజియంలో ఉన్న ఐదు స్ట్రాడివారి వాయిద్యాల మీద ఫ్రెంచి, జర్మన్ శాస్త్రజ్ఞులు చేసిన పరిశోధన 2009 చివర్లో వెలువడింది. అందులో తేలింది ఇది: కొయ్యలోకి ఇంకిన ఎండే నూనె ఒక పూత, దాని మీద నూనె, పైన్ చెట్ల జిగురు కలిసిన మరో పూత. పై పూతలో ఇనుప ఎరుపు, లక్కవంటి ఎరుపు రంగులు. ఇవన్నీ ఆ కాలపు చిత్రకారుల దుకాణాల్లో మామూలుగా దొరికే సరుకులే.

కొయ్యకు బోరాక్స్ వంటి ఖనిజ లవణాలు పట్టించారని చెప్పే పరిశోధనలు కూడా ఉన్నాయి. అది పురుగు పట్టకుండా చేసిన పని కావచ్చు. దాని వల్ల స్వరం మారిందా అన్నది వేరే ప్రశ్న. సరుకు ఏమిటన్నది దాదాపు తెలిసినా, ఆ లోతు, దీపం వెలుగులో కదిలే ఆ బంగారు మెరుపు రావడం చేతివాటం మీద ఆధారపడింది. పులిహోరలో ఏం వేస్తారో ఊరందరికీ తెలుసు, అందరి పులిహోర ఒకలా ఉండదు.

ఆ కాలంలో చలి ఎక్కువ కాబట్టే కొయ్య బాగుందట కదా?

1645 నుంచి 1715 వరకు సూర్యుని మీద మచ్చలు బాగా తగ్గిపోయి, ఐరోపాలో చలి తీవ్రంగా ఉన్న కాలం. చలికి చెట్లు మెల్లగా పెరిగి, వలయాలు దగ్గరగా, సమంగా పడ్డాయనీ, అందుకే ఆ స్ప్రూస్ మేలైనదనీ 2003లో ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు. ఊహ బాగుంది. కానీ అదే అడవి కొయ్యతో అదే కాలంలో చేసిన నాసిరకం వయొలిన్లు కూడా బోలెడు ఉన్నాయి. చలి ఊరందరి చెట్లకూ ఒకటే పడింది.

“స్వర్ణయుగం” అంటే ఏ సంవత్సరాలు? అంతకుముందు చేసినవి మంచివి కావా?

1700 నుంచి 1720ల మధ్య వరకు చేసినవాటిని స్వర్ణయుగపు వాయిద్యాలంటారు. అంతకు ముందటి దశాబ్దంలో ఆయన వయొలిన్ ఒళ్లు పొడిగించి చూశారు. మామూలుగా 355 మిల్లీమీటర్ల దగ్గర ఉండే పొడవును 362 దాకా తీసుకెళ్లారు. కొన్నేళ్లు ప్రయోగం చేసి, మళ్లీ పాత పొడవుకే తిరిగి వచ్చారు. కాకపోతే ఈసారి వంపు ఎత్తు తగ్గి, ఛాతీ వెడల్పయింది. పెద్ద హాలులో చివరి వరుసకు చేరే స్వరం ఆ మార్పు వల్ల వచ్చింది.

చెల్లోలో కూడా ఇదే కథ. 1707 ప్రాంతంలో దాని ఒంటి పొడవును దాదాపు 80 సెంటీమీటర్ల నుంచి 75, 76కు తగ్గించారు. నేటి చెల్లోలు చాలావరకు ఆ కొలతనే అనుసరిస్తున్నాయి. అరవై ఏళ్లు దాటాక, పేరు స్థిరపడ్డాక, సొంత కొలతను తానే చెరిపి మళ్లీ గీసుకోవడం నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆశ్చర్యపరుస్తుంది.

## ఆయన తరువాత

ఆయన సమాధి క్రెమోనాలో చూడవచ్చా?

సమాధి రాయి నమూనాను చూడవచ్చు, సమాధిని కాదు. 1729లోనే ఆయన సాన్ డొమెనికో చర్చిలో వేరే కుటుంబం వారి పాత సమాధి స్థలాన్ని కొనుక్కున్నారు. 1737లో అక్కడే ఖననం చేశారు. 1869 ప్రాంతంలో శిథిలమైన ఆ చర్చిని కూల్చినప్పుడు ఎముకలు ఎవరివో తేల్చలేక అన్నీ కలిసిపోయాయి. చర్చి ఉన్నచోట నేడు రోమా చౌకు తోట ఉంది, నమూనా రాయి అందులోనే ఉంది.

పనిశాలను కొడుకులు ఎందుకు నిలబెట్టలేకపోయారు?

వారికి సమయం చిక్కలేదు. తండ్రి తొంభై దాటి బతికితే, కొడుకులు ఆయన నీడలోనే ముసలివారయ్యారు. ఒమొబోనో 1742లో, ఫ్రాంచెస్కో 1743లో పోయారు. రెండో భార్య కొడుకు పావోలో బట్టల వ్యాపారి. మిగిలిన వయొలిన్లను, తరువాత అచ్చులను, పనిముట్లను కోజియో ది సలబూయె అనే యువ జమీందారుకు అమ్మడానికి ఒప్పుకున్నాడు. ఆ బేరంలో ఆయన పెట్టిన షరతు వింతైనది: సామాను క్రెమోనాలో మాత్రం ఉండకూడదు. ఊరి మీద ఆయనకు ఏం కోపమో!

ఆ సామానును 1920లో జుసెప్పె ఫియొరీనీ అనే వయొలిన్ పనివాడు సొంత డబ్బుతో కొని, 1930లో క్రెమోనాకే దానం చేశాడు.

“మెస్సయ్య” అనే వయొలిన్‌ను ఎవరూ వాయించరట, ఎందుకు?

1716లో చేసిన ఆ వయొలిన్ స్ట్రాడివారి చనిపోయేనాటికి అమ్ముడు కాకుండా ఇంట్లోనే ఉంది. తరువాత కోజియో చేతికి, అక్కడి నుంచి లుయీజీ తరీసియో అనే వాయిద్యాల వ్యాపారి చేతికి వెళ్లింది. తరీసియో ప్యారిస్ వెళ్లినప్పుడల్లా దాని గొప్ప చెప్పేవాడు, ఎన్నడూ తెచ్చేవాడు కాదు. విసిగిన ఒక వయొలిన్ విద్వాంసుడు “మీ వయొలిన్ మెస్సయ్య లాంటిది, ఎదురుచూడటమే గానీ రాదు” అన్నాడట. పేరు నిలిచిపోయింది. ఇప్పుడది ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో, వాయించకూడదన్న నిబంధనతో గాజు పెట్టెలో ఉంది. కొత్తదనం చెదరని ఆ వార్నిష్ చూసి నకిలీ అని వాదించినవారూ ఉన్నారు. పై పలకలోని కొయ్య వలయాలను లెక్కించగా చివరి వలయం 1680లలో ఆగింది కనుక, కాలం సరిపోయింది.

ఇప్పుడు విద్వాంసులు వాయించే స్ట్రాడ్‌లు ఆయన చేసినవి చేసినట్టే ఉన్నాయా?

లేవు. ఆయన కాలంలో మెడ కాస్త పొట్టిగా, దాదాపు నిటారుగా ఉండి, లోపలి దిమ్మెకు మేకులతో బిగించబడేది. తీగలు జంతువుల పేగులతో చేసినవి. పందొమ్మిదో శతాబ్దంలో పెద్ద హాళ్లు, ఎక్కువ బిగువు అవసరమై, మెడను పొడిగించి వెనక్కు వంచారు, పై పలక కింద ఉండే బద్దెను మార్చారు. అంటే ఒంటి పెట్టె ఆయనది, మిగతా చాలా భాగం తరువాతి పనివాళ్లది. 1690లో మెడిచి కోసం చేసిన పెద్ద వయోలా మాత్రం పాత మెడతోనే ఫ్లోరెన్సులో ఉంది.

కళ్లకు గంతలు కట్టి వాయిస్తే కొత్త వయొలిన్లే గెలిచాయట?

అవును. 2010లో ఇండియానాపొలిస్‌లో ఒక హోటలు గదిలో 21 మంది వాద్యకారులకు నల్ల కళ్లద్దాలు పెట్టి, పాత కొయ్య వాసన తెలియకుండా గడ్డం ఆనించే చోట అత్తరు చుక్క వేసి, మూడు కొత్త, మూడు పాత వయొలిన్లు ఇచ్చారు. 13 మంది కొత్తవాటినే ఎంచుకున్నారు. అందరికంటే తక్కువ మంది మెచ్చినది ఒక స్ట్రాడ్. రెండేళ్ల తరువాత ప్యారిస్ దగ్గర పదిమంది పేరున్న విద్వాంసులతో చేసినప్పుడు కూడా ఆరుగురు కొత్తవాటినే కోరుకున్నారు.

దీన్ని స్ట్రాడివారి ఓటమిగా చూడటం నాకు నచ్చదు. నేటి వయొలిన్ల కొలతలు చాలావరకు ఎక్కడివి? ఆయన అచ్చుల నుంచి వచ్చినవే.

ధర అన్ని కోట్లు ఎందుకు?

స్వరానికి కాదు, అరుదుతనానికి, చరిత్రకు. 1721 నాటి “లేడీ బ్లంట్” 2011లో 1.59 కోట్ల డాలర్లకు అమ్ముడైంది. ఆ డబ్బు జపాన్ భూకంప, సునామీ బాధితులకు వెళ్లింది. చాలామంది విద్వాంసులు వాయించేవి వారి సొంతం కాదు, ఏదో సంస్థో దాతో అరువు ఇచ్చినవి.

## మన ఇళ్లలో

మా తాతగారి ఫిడేలులో స్ట్రాడివేరియస్ అని చీటీ ఉంది. అసలుదేనా?

మీకు నిరాశ కలిగించక తప్పదు. పందొమ్మిదో శతాబ్దం చివర నుంచి జర్మనీలోని మార్క్‌న్యూకిర్షెన్, ఫ్రాన్సులోని మిరెకూర్ వంటి ఊళ్లలో లక్షల వయొలిన్లు తయారై, దేశదేశాలకు వెళ్లాయి. వాటిలో “ఆంటోనియస్ స్ట్రాడివేరియస్ క్రెమోనెన్సిస్ ఫాకియేబాట్ అన్నో” అనే చీటీ అంటించడం మామూలు. మోసం చేయాలని కాదు, ఏ నమూనాను అనుసరించారో చెప్పడానికి. చీటీ మీదగానీ దాని కిందగానీ దేశం పేరు ఆంగ్లంలో ఉంటే, అది 1890లో వచ్చిన అమెరికా దిగుమతి చట్టం తరువాత చేసినదని దాదాపు నిశ్చయించవచ్చు.

చీటీ కాగితం ముక్క, ఎవరైనా అంటించవచ్చు. చూడవలసింది వంపు, చెవి రంధ్రం, సర్పిల తల, లోపలి దిమ్మెలు. అలాగని తాతగారి ఫిడేలును అటకెక్కించకండి. ఆ కాలపు జర్మన్ వయొలిన్లు కొన్ని నేటి చవక వాటికంటే ఎంతో మెరుగు.

కర్ణాటక సంగీతానికి స్ట్రాడ్ నమూనా సరిపోతుందా?

సరిపోతుంది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు పాశ్చాత్య వయొలిన్‌ను నేర్చి మన సంగీతానికి తెచ్చినప్పటి నుంచి పెట్టె మారలేదు, శ్రుతి, కూర్చునే తీరు మారాయి. విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు నేర్పినదీ అదే పెట్టె మీద. మనం లావు తీగ నుంచి స–ప–స–ప అని, గాయకుని శ్రుతికి తగ్గట్టు తరచు దించి కడతాం కనుక బిగువు తగ్గుతుంది. అందువల్ల తీగల ఎంపిక, లోపల రెండు పలకల నడుమ నిలిచే చిన్న కర్ర ఉన్న చోటు ముఖ్యం. పెట్టె మీద ఎవరి పేరుందన్నది కాదు.

ఈ విద్య ఇప్పుడు ఎక్కడైనా నేర్పుతారా?

క్రెమోనాలో 1938లో స్థాపించిన అంతర్జాతీయ వయొలిన్ తయారీ పాఠశాల ఉంది, పలు దేశాల విద్యార్థులు వస్తారు. ఊళ్లో వందకు పైగా పనిశాలలు ఉన్నాయి. క్రెమోనా వయొలిన్ తయారీ సంప్రదాయాన్ని 2012లో యునెస్కో అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది.

మా వయొలిన్ అతుకు వేసవిలో విడిపోయింది. మామూలు బంకతో అతికించవచ్చా?

దయచేసి వద్దు. స్ట్రాడివారి నుంచి నేటి దాకా ఈ పనిలో వాడేది జంతువుల తోలు ఉడికించి తీసిన బంక. వేడి నీటి ఆవిరి తగిలితే అది వదులుతుంది, అదే దాని సుగుణం. కోస్తా ఉక్కకు, ఎండకు కొయ్య ఉబ్బి ముడుచుకున్నప్పుడు అతుకు ముందు విడిపోయి, పలకను పగలకుండా కాపాడుతుంది. అతుకు విడితే గంటలో బాగవుతుంది. పలక పగిలితే వారాలు పడుతుంది.

ఒకసారి నా దగ్గరకు వచ్చిన వయొలిన్‌లో, రెండు పలకల నడుమ నిలిచే చిన్న కర్రను ఎవరో తెల్ల బంకతో రెండు వైపులా అతికించారు. ఇటలీవారు ఆ కర్రను ఆత్మ అంటారు. అది బంక లేకుండా బిగువుతోనే నిలబడాలి, అర మిల్లీమీటరు జరిపితే స్వరం మారుతుంది. దాన్ని తీయడానికి పై పలక మొత్తం విప్పవలసి వచ్చింది. తీశాక చూస్తే, పలక లోపలి వైపు బంక ఊడిన చోట గోరంత కొయ్య లేచిపోయి ఉంది. అక్కడ అంతే మందాన కొత్త స్ప్రూస్ ముక్క పొదగడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.